ఊట సీసా

ఎనభై ఒకటి, ఎనభై రెండు, ఎనభై మూడు. కుడికాలు, ఎడమకాలు, కుడికాలు. కట్ట అడుగున రాళ్ల సందులోంచి వచ్చే సన్నటి ధార కింద సీసా పట్టుకుని, ఉన్నచోటే అడుగులు వేస్తూ లెక్కపెడుతున్నాను. నూట పన్నెండు దగ్గర సీసా మెడదాకా నిండింది. వెలుతురుకి ఎత్తి చూశాను. అవతలి గట్టు మీది రాళ్లు కుడిఎడమలు మారి, ఒక్కొక్కటి విడివిడిగా కనిపించాయి. నీళ్లు పారబోసి, సీసా బోర్లించి రెండుసార్లు విదిలించి, మూతిని బొటనవేలితో తుడిచి, పుస్తకంలో రాశాను. తేదీ. నూట పన్నెండు. తేట.

ఆ వానాకాలం మొదలైన రోజు ఇదే పనిలో ఉన్నాను. మొదటి చినుకు పుస్తకంలో 'తేట' మీదే పడింది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

కట్ట మాది. సర్కారుది కాదు, ఊరిదీ కాదు. తాత కట్టాడు. పొడవు మూడువందల అడుగులు వేస్తే అవతలి కొసకి చేరతాం. ఎత్తు మేడ ఇంటంత. దాని వెనక నిలిచే నీళ్లతోనే మా నిమ్మతోట బతుకుతుంది. దాని ముందు, పల్లంలో, వీధికి ఒకే వైపున ఏడు ఇళ్లు. మొదటిది అత్తది, అంటే నాన్నకి అక్క. మా ఇల్లు మాత్రం పైన, మెరక మీద.

కట్ట కట్టే రోజుల్లో నడుమ గోడ కోసం బంకమట్టి పోసి కాళ్లతో తొక్కేవాళ్లట. అడుగుకో అంకె, వందకి కొత్త తట్ట. తాత దగ్గర గడియారం లేదు. తర్వాత ఊటని కూడా ఆ తొక్కుడు లెక్కతోనే కొలిచాడు. చెప్పులుంటే లెక్క కుదరదనేవాడు. ఆయన పోయాక నాయనమ్మ కొలిచింది. ఆమె మోకాళ్లు మొరాయించాక, పదో తరగతి అయిపోయి ఇంట్లో ఉన్న నాకు వచ్చిందా పని. బడి పుస్తకాల్లో మిగిలిన కాగితాల్లో రాసేదాన్ని. ఆరేళ్లుగా రాస్తున్నా. ఆ కాగితాలు ఎవరూ తిప్పి చూసింది లేదు. దూరం నుంచి చూసేవాళ్లు మాత్రం ఆ పిల్ల పొద్దున్నే ఒంటరిగా గంతులేస్తుందని చెప్పుకునేవారట. నాకేం అనిపించేది కాదు. మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకు ఇష్టంగానే ఉండేది.

నాన్నకి కట్టంటే ప్రాణం. ఎలుక బొక్క కనబడితే ఆ పూట అన్నం సహించేది కాదు, పూడ్చాల్సిందే. కట్ట మీద నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకునేవాడు. మరెక్కడా అలా నడిచేవాడు కాదు. ఊట అంటే మాత్రం ఆయనకి తలవంపుగా ఉండేది. దానికి కారణం అత్త. నాన్న ఆ వీధిలో కనబడితే చాలు, వాకిట్లోంచే పలకరించేది.

"ఏరా, మీ కట్టకి జలుబు తగ్గిందా? ఇంకా ముక్కు కారుతూనే ఉందా?"

వీధంతా నవ్వేది. నాన్న కూడా నవ్వేవాడు, కానీ ఇంటికొచ్చాక చాలాసేపు పలికేవాడు కాదు.

వానలు మొదలైన వారానికి సర్కారు నుంచి ఉత్తరం వచ్చింది. సొంత కట్టలన్నిటినీ తనిఖీ చేస్తారని, భద్రంగా ఉన్నట్టు కాగితం లేకపోతే నీళ్లు ఖాళీ చేయించి కట్టకి గండి పెడతారని అందులో ఉంది. నాన్న దాన్ని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివాడు. మర్నాటి నుంచి కట్ట మీద ఆయన పడని పాట్లు లేవు. తుప్పలు కొట్టాడు, గడ్డి సమంగా కోశాడు, కట్ట పైన రెండు వైపులా రాళ్లకి సున్నం వేశాడు. పెళ్లిచూపులకి పిల్లని ముస్తాబు చేసినట్టు చేస్తున్నాడని అమ్మ నవ్వింది.

తనిఖీకి ముందురోజు సాయంత్రం నాన్న మోచేతులదాకా సిమెంటుతో ఇంటికి వచ్చాడు. నేను చెంబుతో నీళ్లు పోస్తుంటే చేతులు రుద్దుకుంటూ, "రేపటి నుంచి నీకా గంతులు తప్పాయిలే" అన్నాడు. చాలా ఉత్సాహంగా ఉన్నాడు.

నాకు అర్థం కావడానికి ఒక చెంబు నీళ్లు పట్టింది.

"తాత ఊటని కావాలనే వదిలాడు కదా నాన్నా."

"తాతకి అప్పుడు సిమెంటు దొరకలేదు."

ఇంకో మాట అనాల్సింది. అనలేదు. లోపల పడుకున్న నాయనమ్మకైనా చెప్పాల్సింది. అదీ చెప్పలేదు. పొద్దున్నే అలవాటు కొద్దీ సీసా తీసుకుని వెళ్లాను. రాళ్ల సందు మీద సిమెంటు, దాని మీద ఎర్రమట్టి, ఆ పైన గడ్డి పెళ్లలు పరిచి ఉన్నాయి. నాన్న పనితనం అలాంటిది, అతుకు కనబడలేదు. పుస్తకంలో తేదీ వేసి, 'ధార లేదు' అని రాశాను.

ఇంజనీరమ్మ స్కూటర్ మీద వచ్చింది. పొట్టి మనిషి, మోకాళ్లదాకా బూట్లు, చేతిలో ఇనప చువ్వ. ఏడిళ్లవాళ్లూ చూడ్డానికి వచ్చారు. ఆవిడ కట్ట పొడవునా నడిచింది, తూము చక్రం తిప్పించి చూసింది, నీళ్లు ఎక్కువైతే పొర్లిపోయే అలుగు దగ్గర కొలతలు తీసుకుంది. అన్నిటికీ తల ఊపుతూ వచ్చింది. నాన్న వెంట నడుస్తూ, చేతులు వెనక్కి కట్టుకుని, తాత కథంతా చెప్పాడు. కిందికి దిగాక ఆగలేక అనేశాడు.

"ఒక్క చుక్క కారదు మేడం."

ఆవిడ నడక ఆపింది.

"ఒక్క చుక్క కూడానా? మట్టికట్ట కదండీ. ఎప్పుడూ ఇంతేనా?"

నాన్న ఆవిడ వైపు కాకుండా నా వైపు చూశాడు. నేను పుస్తకాన్ని వీపు వెనక్కి మార్చుకున్నాను. రోజూ జలుబు గురించి అడిగే అత్త పక్కనే ఉంది. పైమనిషి ముందు తమ్ముణ్ణి చిన్నబుచ్చడం ఆవిడకి చేతకాదు. కొంగు సర్దుకుని ఎటో చూసింది. "ఎప్పుడూ ఇంతే" అన్నాడు నాన్న. ఆ రోజు ముగ్గురం కలిసి ఒకే అబద్ధం ఆడాం. ఒకరు నోటితో, ఇద్దరం నోరు మూసుకుని.

ఇంజనీరమ్మ ఇంకాసేపు గడ్డి వైపు చూసింది. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, చేతిలోని పుస్తకం తీసుకుని, తెరవకుండానే వెనక అట్ట మీద ఫోన్ నంబరు రాసింది. ఏదైనా మారితే చెప్పమంది. ఏదైనా అంటే ఏదైనా, అని మళ్లీ అంది.

ఆ తర్వాత పదకొండు రోజులు వాన ఎడతెరిపి లేకుండా పడింది. నీళ్లు కట్ట లోపలి మెట్లు ఒక్కొక్కటే మింగుతూ పైకొచ్చాయి. ఇక నాలుగు మెట్లే మిగిలాయి. నాన్న కిటికీలోంచి చూసి మురిసిపోయేవాడు. కట్ట ఇంత నిండుగా ఉండడం తాత కాలంలో కూడా చూడలేదన్నాడు.

పన్నెండో రోజు పొద్దున తెరిపి ఇచ్చింది. ఆ రోజూ సీసాతో వెళ్లాను. పాత చోట ఏమీ లేదు. అక్కడి నుంచి అత్త ఇంటి వైపు పాతిక అడుగుల దూరంలో, కట్ట వాలు మీద నా నడుమెత్తున, తట్టంత మేర గడ్డి మరీ పచ్చగా కనిపించింది. దాని నడుమ వేలంత ధార. సీసా పట్టాను. నలభైకే నిండింది. వెలుతురుకి ఎత్తాను. అవతలి రాళ్లు కనిపించలేదు.

ఆరేళ్లలో మొదటిసారి ఆ నీళ్లు పారబొయ్యకుండా ఇంటికి తెచ్చాను. నాన్న అన్నం తింటున్నాడు. కంచం పక్కన సీసా పెట్టి, ఎక్కడ పట్టానో చెప్పాను. ఆయన ఓ చూపు చూసి, వాన నీళ్లు పైమట్టి కడుక్కుని వస్తున్నాయి, అంతే అన్నాడు. ప్రశాంతంగా తిననివ్వవే అని అమ్మ విసుక్కుంది. నేను వెళ్లలేదు. సీసా తియ్యలేదు. ఆయన మారు అన్నం కలుపుకునేసరికి సీసా అడుగున వేలెడు మట్టి పేరుకుంది.

నాయనమ్మ గోడ పట్టుకుని గదిలోంచి వచ్చింది. ఏమిటది అని అడగలేదు. సీసా తీసుకుని, పై నీళ్లు మెల్లగా వంచేసి, వేలు పెట్టి ఇంత మట్టి తీసి రెండు వేళ్ల మధ్య రుద్దింది. వెలుగులోకి తిప్పి చూసింది.

"ఇది పైమట్టి కాదురా. మన పైమట్టి ఎర్రన. ఇది బూడిదరంగు బంక. వాగవతల గుంటలోంచి బళ్ల మీద తెచ్చాం. కట్ట నడుమ గోడలో తప్ప ఈ చుట్టుపట్ల ఎక్కడా లేదు. మూడు నెలలు తొక్కాను దీన్ని, మీ అక్కని కడుపులో పెట్టుకుని. నాకు తెలీదూ?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఊట ఏమైందే?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"మూసేశానమ్మా" అన్నాడు.

నాయనమ్మకి కోపం రాలేదు. గోడకి చేరగిలబడింది.

"ముక్కు కారుతోందని ముక్కు మూశావా? మరి ఊపిరెట్లా తీసుకుంటుందిరా?"

నాన్న సగం అన్నంలో చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. ఇంజనీరమ్మ నంబరు ఉందా అని అడిగాడు. అట్ట చూపించాను.

"నువ్వే మాట్లాడు. పుస్తకం చూసి చెప్పు. నేను మూసింది కూడా చెప్పు."

తూము చక్రం తిప్పే పిడి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

నేను అంతసేపు ఎవరితోనూ ఫోన్‌లో మాట్లాడి ఎరగను. ఏ తేదీన ఎంత లెక్క వచ్చిందో, వానకి ముందెంతో, వాన తర్వాతెంతో చదువుకుంటూ పోయాను. ఇంజనీరమ్మ నన్ను ఆపింది. ఆ అంకెలు సెకన్లా అని అడిగింది. అడుగులు మేడం అన్నాను. సరే, అడుగులే చెప్పమంది. అంతా విన్నాక ఏం చెయ్యాలో చెప్పి, నా చేత తిరిగి చెప్పించుకుంది. కొత్త ధారని మూయకూడదు. తూము పూర్తిగా తెరవాలి. కింది ఇళ్లు ఖాళీ చేయించాలి. ధార మీద ముందు ఇసుక, దాని మీద గులకరాళ్లు, ఆపైన పెద్ద రాళ్లు. నీళ్లు రావాలి, మట్టి రాకూడదు. ఆవిడ వచ్చేసరికి రెండు గంటలు పడుతుంది.

"ధార పెరిగినా, నీళ్లు ఇంకా మురికైనా పనివాళ్లంతా అక్కణ్ణించి పరిగెత్తాలి. సీసా ఎవరు చూస్తారు?"

"నేనే మేడం."

"అరవగలవా?"

నా గొంతు పక్కగదిలోకే వినబడదని అమ్మ అంటుంది. "అరుస్తాను" అన్నాను.

నేను వెళ్లేసరికి తూములోంచి నీళ్లు హోరుమని పోతున్నాయి. వచ్చే ఎండాకాలమంతా నిమ్మచెట్లు తాగాల్సిన నీళ్లు. నాన్న చక్రం ఆఖరి చుట్టు కూడా తిప్పేసి, వాటి వైపు చూడకుండా వీధిలోకి దిగాడు. నేను వెనకే వెళ్లాను. మొదటి గుమ్మం అత్తది. ఆవిడ ఎప్పటిలాగే వాకిట్లో ఉంది, ఎప్పటిలాగే నోరు తెరవబోయింది.

"అక్కా, సామాన్లు తర్వాత" అన్నాడు నాన్న. "ముందు పెద్దాళ్లనీ పిల్లల్నీ మా ఇంటికి పంపించు. కట్ట నడుములోంచి కారుతోంది. ఊట నేనే మూసేశాను."

అత్త ఆయన మొహంలోకి చూసింది. అనబోయిన మాట ఏదో మింగేసింది.

"గది వేద్దామని పెరట్లో ఇసుక పోయించాను. సరిపోతుందా?"

మిగతా ఆరు గుమ్మాల దగ్గరా నాన్న అదే మాట చెప్పాడు. ఎక్కడా ఒక్క ముక్క తగ్గించలేదు. మూడో ఇంటి దర్జీ మాత్రం, తనిఖీ రోజున సున్నం రాళ్లు చూపించినప్పుడే అనుకున్నానన్నాడు. నాన్న ఆ మాటా నిలబడి విన్నాడు. దర్జీయే అందరికంటే ముందు తట్ట తెచ్చాడు.

వరసగా నిలబడి అత్త పెరట్లోంచి వాలుదాకా తట్టలు అందించారు. నేను రాళ్ల పక్కన కూర్చుని సీసా పట్టడం, వెలుతురుకి ఎత్తడం. ఉన్నది ఒక్క సీసా. పాత నీళ్లు పారబోస్తే ఇప్పటికీ అప్పటికీ తేడా చూసేదెలా? అత్తకి చెప్పాను. ఆవిడ వీధిలోకి కేక వేసింది. నూనె సీసాలు, దగ్గు మందు సీసాలు, చివరికి దర్జీ కుట్టుమిషన్ నూనె బుడ్డీ కూడా వచ్చాయి. పక్కనున్న రాతిపలక మీద వరసగా పేర్చుకుంటూ పోయాను. ఒక్కోటి ఎత్తినప్పుడల్లా తట్టలు ఆగేవి. అందరూ నా మొహం చూసేవారు. నేను తల ఊపితే తట్టలు కదిలేవి. నాలుగో సీసా మూడోదానికంటే మురికిగా వచ్చింది. అరవడానికి నోరు తెరిచాను. కాలు లెక్క తప్పలేదు, ధార పెరగలేదు. అప్పుడే పోసిన ఇసుక దుమ్మేమోనని ఇంకో సీసా పట్టాను. ఐదోది కాస్త తేరింది. ఆరోదానికి అవతల రాళ్లున్నాయని తెలిసింది. తొమ్మిదోదానికి వాటిని లెక్కపెట్టగలిగాను.

ఇంజనీరమ్మ వచ్చేసరికి పలక మీద పదకొండు సీసాలున్నాయి. ఎడమ కొసన బూడిదరంగు, కుడి కొసన తేట. ఆవిడ మొదట ధార దగ్గరికి పోలేదు. ఆ వరస ముందు వంగి, ఒక కొస నుంచి ఇంకో కొసకి చూసింది. తర్వాత నన్ను లెక్కపెట్టమని, చేతి గడియారం పట్టుకుంది. వంద అడుగులు వేశాను. ఇంకోసారి అంది. ఇంకోసారి.

"వందకి తొంభై నాలుగు సెకన్లు. మూడుసార్లూ అంతే" అంది, ఎవరితో అంటుందో కూడా చూసుకోకుండా. "ఎవరు నేర్పారు?"

నేను జవాబు చెప్పేలోగా నాన్న ముందుకి వచ్చాడు. ఒళ్లంతా ఇసుక. ఏడిళ్లవాళ్లూ చుట్టూ ఉన్నారు.

"ఈ కట్ట కారుతుంది మేడం" అన్నాడు. "మా నాన్న కట్టినప్పటి నుంచి రోజూ కారుతుంది. ఆరేళ్లుగా ఎంతెంత కారిందో మా అమ్మాయి దగ్గర రాసి ఉంది."

చేతులు వెనక్కి కట్టుకునే చెప్పాడా మాట.

నీళ్లు ఇంకా దిగాక, ఆవిడ సరే అన్నాక, నాన్నే గడ్డపార తెచ్చి సిమెంటు పగలగొట్టాడు. ముందు బురద వచ్చింది, తర్వాత గులక, తర్వాత పాత సన్నటి ధార. నేను సీసా పట్టబోతే నాన్న ఆగమని దోసిలి పట్టి చూసుకున్నాడు. నాయనమ్మకి చూపించాలని ఆ దోసిలితోనే రెండడుగులు వేసి, కారిపోతోందని గుర్తొచ్చి ఆగిపోయాడు. అత్త నవ్వింది. అందరం నవ్వాం.

ఆ ఏడు నిమ్మతోటలో కింది రెండు వరసలు ఎండిపోయాయి. మరమ్మతు అయ్యేదాకా నీళ్లు సగం మెట్లు దాటకూడదన్నారు. వానలు వెనకబట్టాక కాగితం వచ్చింది. కట్టని కనిపెట్టి చూసేవారు అన్నచోట నా పేరు అచ్చయి ఉంది. నాన్న ఆ ఒక్క వాక్యం ఏడిళ్లకీ వెళ్లి చదివి వినిపించాడు. అత్త మాత్రం అలవాటు మానలేదు.

"ఏరా, జలుబెలా ఉంది?"

"శుభ్రంగా కారుతోందక్కా. నిన్న నూట ముప్ఫై."

పిల్లలకి వచ్చిన మార్కులు చెప్పినట్టు చెప్పేవాడు.

కాగితం వచ్చిన పది రోజులకి ఇంజనీరమ్మ మళ్లీ వచ్చింది. ఈ చుట్టుపక్కల ఇలాంటి సొంత కట్టలు పంతొమ్మిది ఉన్నాయట, ఒక్కదానికీ పుస్తకం లేదట. వారానికి మూడు రోజులు తనతో వచ్చి ఆ కట్టలవాళ్లకి సీసా పట్టడం నేర్పించాలంది. గడియారం కూడా ఇస్తానంది. నాన్న అవుననలేదు, కాదనలేదు. పొద్దున్నే మన కట్ట ఎవరు చూస్తారని అమ్మ అడిగితే, ఆయన వినబడనట్టు ఊరుకున్నాడు. ఆ ప్రశ్న నాకూ ఉంది. తెల్లవారకముందే లేచి, మనది చూసుకుని వెళ్లొచ్చులే అనుకున్నాను.

మొదటి రోజు అలాగే లేచాను. వంటింట్లో అమ్మ డబ్బాలో అన్నం సర్దుతోంది. నాయనమ్మ మోకాళ్లకి నూనె రాసుకుంటోంది. సీసా తగిలించే మేకు మీద చెయ్యి వేశాను. సీసా లేదు. కిటికీలో పుస్తకం లేదు. నాయనమ్మ నూనె చేత్తోనే గుమ్మం వైపు చూపించింది.

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెవి వెనక పెన్సిలు, చంకలో పుస్తకం. సీసా బోర్లించి రెండుసార్లు విదిలించాడు. మూతిని బొటనవేలితో తుడిచాడు. నేనెప్పుడూ నేర్పలేదు. చెప్పులు గుమ్మం పక్కనే విడిచి, వెనక్కి చూడకుండా మెట్లు దిగి, కట్ట వైపు వెళ్లిపోయాడు.